కాళ్లు లెక్కపెడితే మందు తెలుస్తుంది

ఈ నెల సైన్స్‌లో పిల్లలు వెన్నెముక లేని జీవులను గ్రూపులుగా విడదీస్తున్నారు. వానపాముకు ఒళ్లంతా ఉంగరాలే, కాళ్లుండవు. నత్తది మెత్తని శరీరం. చీమ, సాలీడు, రొయ్యలకు కీళ్లున్న కాళ్లు కాబట్టి మూడూ ఆర్థ్రోపొడాలే. ఈ గ్రూపులో ఆరు కాళ్లుంటే కీటకం. ఎనిమిదైతే సాలీడు బంధువు.

మన మిరప చేలో ఈ లెక్క తప్పితే మందు ఖర్చు వృథా. ఆకు పైకి ముడుచుకుంటే సాధారణంగా తామరపురుగు, అంటే కీటకం. కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటే తెల్లనల్లి. అది ఎనిమిది కాళ్లది, చాలా పురుగుమందులకు లొంగదు. నల్లి మందే కావాలి. 2021లో మిరప పూతను దెబ్బతీసిన నల్ల తామరపురుగునూ కొందరు నల్లి అనేశారు. దానివి ఆరు కాళ్లే.

మందు కొట్టని ముడతాకు దొరికితే పిల్లల చేత లెన్స్‌తో లెక్కపెట్టించండి. ఎదిగిన వాటినే చూపండి, నల్లి పిల్లకు మొదట ఆరు కాళ్లే ఉంటాయి.