సెకండ్ హ్యాండ్ చిన్న కారు: ఆధారాలు కలిసినప్పుడే నమ్మకం

భారతదేశపు పన్నుల లెక్కలో చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లకు మించకుండా, పెట్రోలు ఇంజిన్ అయితే 1200 సీసీ, డీజిల్ ఇంజిన్ అయితే 1500 సీసీ దాటకుండా ఉండే వాహనం. 1983 డిసెంబరులో మారుతీ 800తో మొదలై, 1998లో వచ్చిన హ్యుందాయ్ శాంత్రో, టాటా ఇండికాలతో బలపడి, వ్యాగనార్, ఆల్టో, స్విఫ్ట్, ఐ10, క్విడ్ వరకు సాగిన ఈ వరుసే మధ్యతరగతి కుటుంబాన్ని స్కూటరు మీద నుంచి కారులోకి చేర్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి కారు కొనే ఇంటికి తరచు అదే మొదటి కారు, దాని వెనుక ఉన్నది ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము. అందుకే కొత్త కారు ధరతో పోల్చి ఎంత మిగిలిందని చూసుకోవడం కన్నా, కొన్న తర్వాత ఆ మిగులు షెడ్డు పాలు కాకుండా ఉంటుందా అని ముందే తేల్చుకోవడం ముఖ్యం.

నమ్మదగిన కారు అన్న మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసి ఉంటాయి. మొదటిది మోడల్‌కున్న పేరు: ఆ ఇంజిన్‌లో, ఆ గేర్‌బాక్సులో సహజంగా ఏ లోపాలు తలెత్తుతాయి, విడిభాగాలు ఎంత సులభంగా దొరుకుతాయి, ఊళ్లోని మెకానిక్‌లకు దాని పని ఎంతవరకు తెలుసు అన్నవి దీని కిందికి వస్తాయి. రెండోది అమ్మకానికి నిలిచిన ఆ ఒక్క కారు చరిత్ర: ఎవరు నడిపారు, ఎంత దూరం తిరిగింది, ఆయిల్ సమయానికి మార్చారా, ఎక్కడైనా గుద్దుకుందా, నీటిలో మునిగిందా అన్నవి దీనిలోకి వస్తాయి. మొదటి విషయం నలుగురినీ విచారిస్తే తెలుస్తుంది గాని, రెండోది కారును పరీక్షిస్తే తప్ప తెలియదు. ఎంత మంచి పేరున్న మోడల్ అయినా ఆయిల్ మార్చకుండా తిప్పితే ఇంజిన్ అరిగిపోక తప్పదు. కాబట్టి కాగితాలు, బాడీ, ఇంజిన్, రోడ్డు మీద నడక అనే నాలుగు ఆధారాలు ఒకే చరిత్రను చెబుతున్నాయా అని సరిచూడటంలోనే పరీక్ష సారమంతా ఉంది. వీటిలో ఏ ఒక్కదాన్నయినా మరుగుపరచడం సాధ్యమే గాని, నాలుగింటినీ ఒకదానితో ఒకటి పొసిగేలా మార్చడం చాలా కష్టం.

కాగితాలు చెప్పే చరిత్ర

పరిశీలన ఆర్‌సీతో, అంటే రవాణా శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో మొదలు కావాలి. అందులోని ఇంజిన్ నంబరు, 17 అక్షరాలూ అంకెలతో కూడిన చాసిస్ నంబరు కారు మీద చెక్కిన వాటితో పూర్తిగా సరిపోవాలి; చెక్కిన చోట రేకు గీకినట్టో, వెల్డింగ్ చేసినట్టో కనిపిస్తే ఆ బేరాన్ని అక్కడితో వదిలేయడమే క్షేమం. తయారైన నెల, ఎన్నో యజమాని, ఫిట్‌నెస్ గడువు, హైపోథికేషన్, అంటే అప్పు తీరేవరకు కారు మీద బ్యాంకుకు ఉండే హక్కు, ఇవన్నీ ఎంపరివాహన్ యాప్‌లోనో రవాణా శాఖ వెబ్‌సైటులోనో చూసి ఆర్‌సీతో పోల్చుకోవాలి. సొంత వాడకపు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి; అందువల్ల 13 ఏళ్ల కారు చవకగా కనిపించినా, మరో రెండేళ్లలో ఫిట్‌నెస్ పరీక్ష, ఫీజులు, పాత వాహనాలపై వేసే గ్రీన్ ట్యాక్స్ ఎదురవుతాయని ముందే లెక్క వేసుకోవాలి. ఢిల్లీ పరిసర ప్రాంతంలో పాత వాహనాలపై, ముఖ్యంగా పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై, ఆంక్షలు వచ్చాక అక్కడి కార్లు నిరభ్యంతర పత్రంతో, అంటే ఎన్‌ఓసీతో, ఇతర రాష్ట్రాలకు తరలి వస్తున్నాయి. అలాంటి కారును తెలుగు రాష్ట్రాల్లో స్థిరంగా వాడుకోవాలంటే ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టి కొత్త నంబరు తీసుకోవాలి కనుక, ఆ ఖర్చు కలిపిన తర్వాతే ధర చవకో కాదో చెప్పగలం.

బీమా పత్రాన్ని చాలామంది గడువు తేదీ కోసమే చూస్తారు గాని, దానిలో కారు గతం కూడా కొంత నమోదై ఉంటుంది. క్లెయిమ్ లేని ఏడాదికి బదులుగా ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును నో క్లెయిమ్ బోనస్ అంటారు. అది 20 శాతంతో మొదలై, వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతానికి చేరుతుంది. ఎనిమిదేళ్లుగా ఒకే యజమాని దగ్గరున్న కారుకు ఈ బోనస్ సున్నా అని ఉంటే, ఇటీవల క్లెయిమ్ జరిగి ఉండవచ్చు, లేదా పాలసీ 90 రోజులకు పైగా ఆగిపోయి ఉండవచ్చు. అసలు ఏం జరిగిందో, క్లెయిమ్ అయితే ఏ మరమ్మతుకో అడిగి తెలుసుకోవాలి. బోనస్ యజమానికి చెందుతుంది తప్ప కారుకు చెందదు కాబట్టి, ఈ మధ్యే చేతులు మారిన కారు విషయంలో ఈ ఆధారం పనికిరాదు.

కిలోమీటర్ల లెక్క

కారు తిరిగిన దూరాన్ని చూపే మీటరును ఓడోమీటర్ అంటారు. ఇప్పటి డిజిటల్ మీటర్లలో ఆ అంకెను చిన్న పరికరంతో వెనక్కి తిప్పడం కష్టమేమీ కాదు గనుక, మీటరు చూపే అంకె దానికదే రుజువు కాదు. కుటుంబ వాడకంలో కారు ఏడాదికి ఇంచుమించు పది వేల కిలోమీటర్లు తిరుగుతుందనుకుంటే, ఎనిమిదేళ్ల కారు 28,000 మాత్రమే చూపుతున్నప్పుడు మిగిలిన గుర్తులు కూడా దాన్ని సమర్థించాలి. స్టీరింగ్ నున్నగా మెరుస్తూ, క్లచ్ పెడల్ రబ్బరు అరిగి, డ్రైవరు సీటు అంచు కుంగి ఉంటే ఆ అంకెను నమ్మడానికి వీల్లేదు. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. సాధారణంగా టైర్లు 40 వేల కిలోమీటర్ల వరకు మన్నుతాయి కాబట్టి, 28,000 తిరిగిందన్న కారుకు నాలుగు టైర్లూ కారు కన్నా ఎంతో తర్వాతి కాలానివైతే దానికి కారణం చెప్పగలగాలి. అన్నిటికన్నా బలమైన ఆధారం కంపెనీ సర్వీసు కేంద్రాల్లోని రికార్డు. ప్రతి సర్వీసుకూ తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగాలు అందులో ఉంటాయి గనుక, అంకె ఎక్కడ వెనక్కి నడిచిందో అక్కడే బయటపడుతుంది.

బాడీలో దాగిన ప్రమాదాలు

చిన్న కార్లకు లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. నేల రేకు, పిల్లర్లు, పైకప్పు, ముందు చక్రాలకు లోపలివైపు ఉండే అప్రాన్లు అన్నీ కలిసి ఒకే పెట్టెలా బరువు మోస్తాయి, ఈ నిర్మాణాన్ని మోనోకాక్ అంటారు. తలుపు మీది సొట్టో, బంపరు మీది గీతో పెద్ద విషయం కాదు గాని, ఈ పెట్టె వంగితే చక్రాల కొలతలు దారి తప్పి, టైర్లు ఒకవైపే అరుగుతూ, ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా కారు పక్కకు లాగుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీ రంగు మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మళ్లీ రంగు వేసిన చోట ఇది 200 దాటుతుంది, టింకరింగ్ చేసి పుట్టీ పూసిన చోట ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. రంగు మందం కొలిచే మీటరు దొరకకపోతే, పలచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతంతో రేకు భాగాలను పరీక్షించినా పుట్టీ మందంగా ఉన్న చోటు పట్టుబడుతుంది. బానెట్, తలుపుల బోల్టుల మీద రంగు పగిలిందా, తలుపుల మధ్య సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా, అద్దాలన్నిటి మీదా ఒకే కంపెనీ గుర్తు, ఒకే కాలపు సంకేతం ఉన్నాయా, స్టెప్నీ కింద నేల రేకులో ముడతలు ఉన్నాయా అన్నవి పట్టపగటి వెలుతురులోనే చూడాలి.

వరద నీటిలో మునిగిన కారు గురించి తెలుగు పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగిన విజయవాడలో, 2015, 2023 డిసెంబరు నెలల్లో చెన్నైలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. మరమ్మతు ఖర్చు బీమాలో ప్రకటించిన విలువలో 75 శాతాన్ని మించితే బీమా సంస్థ ఆ కారును పూర్తి నష్టంగా లెక్కగట్టి పరిహారం చెల్లిస్తుంది. అలా వదులుకున్న కార్లు తక్కువ ధరకు అమ్ముడై, బాగుపడి, తిరిగి మార్కెట్లోకి రావడానికి అవకాశముంది. నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి, సిలిండర్‌లోకి నీరు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అది బయటపడకపోయినా వైర్ల జాయింట్లలో చేరిన తేమ నెలల తర్వాత తుప్పుగా మారి, ఎప్పుడు ఏ లైటు ఆరిపోతుందో, ఎక్కడ ఇంజిన్ ఆగిపోతుందో చెప్పలేని స్థితి తెస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే మట్టి నీటి చార, సీట్ల కింది పట్టాల్లో ఒండ్రు, డాష్‌బోర్డు అడుగున తుప్పు పట్టిన స్క్రూలు, మ్యాట్ కింద ముక్క వాసన, హెడ్‌లైట్ల లోపల తేమ మరకలు దీనికి గుర్తులు. చాలా పాత కారులో మ్యాట్లు, సీటు కవర్లు మాత్రమే సరికొత్తగా ఉంటే ఈ పరీక్ష మరింత శ్రద్ధగా చేయాలి.

ఇంజిన్ పరీక్ష

ఇంజిన్‌ను పూర్తిగా చల్లబడిన స్థితిలోనే స్టార్ట్ చేయించాలి, ఎందుకంటే అరిగిన ఇంజిన్ తన లోపాలను చల్లగా ఉన్నప్పుడే ఎక్కువగా బయటపెడుతుంది. చూడటానికి వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే మరో పూట రావడం మంచిది. పొగ గొట్టం నుంచి నీలం పొగ ఆగకుండా వస్తుంటే పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరిగి ఆయిల్ మండుతోందని, అంటే మెకానిక్‌లు బోరుకు వచ్చిందని చెప్పే స్థితి దగ్గరపడిందని అనుమానించాలి. ఇంజిన్ వేడెక్కిన తర్వాత కూడా తెల్లని ఆవిరి దట్టంగా వస్తుంటే కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోందని, పెట్రోలు కారులో నల్లని పొగ వస్తుంటే ఇంధనం అవసరానికి మించి మండుతోందని భావించాలి. ఆయిల్ పోసే మూత అడుగున పాలమీగడ లాంటి పొర మందంగా ఉంటే ఆయిల్‌లో నీరు కలుస్తోందన్న అనుమానం బలపడుతుంది. ఆల్టో, క్విడ్ వంటి మూడు సిలిండర్ల కార్లలో ఆగి ఉన్నప్పుడు కొంత అదురు సహజమే గాని, ఏసీ వేయగానే కారంతా ఊగిపోతే ఇంజిన్ మౌంట్లను చూపించాలి.

వాల్వులను పిస్టన్ల కదలికకు అనుగుణంగా తెరిచి మూసే ఏర్పాటు కొన్ని ఇంజిన్లలో రబ్బరు బెల్టుతో, కొన్నిటిలో ఉక్కు చైనుతో నడుస్తుంది. 796 సీసీ పాత ఆల్టోలో టైమింగ్ బెల్టు ఉండగా, 2010లో వచ్చిన ఆల్టో కే10 ఇంజిన్‌లో చైను ఉంది. బెల్టును మాన్యువల్ చెప్పిన గడువులో మార్చకపోతే అది నడుస్తుండగా తెగి, చాలా ఇంజిన్లలో వాల్వులను వంచేస్తుంది. మార్చిన రుజువు లేని కారు కొంటే, కొన్న వారంలోనే కొత్త బెల్టు వేయించే ఖర్చును ధరలో తగ్గించి అడగడం న్యాయమే.

2013 ఏప్రిల్ తర్వాతి కార్లలో ఓబీడీ పోర్టు ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల సంకేతాలు కనిపిస్తాయి. అమ్మే ముందు వాటిని చెరిపేసినా, కారు తనను తాను పరీక్షించుకునే పనులు అప్పటికి పూర్తికాలేదని స్కానర్ చూపుతుంది గనుక, ఇటీవల చెరిపిన విషయం దాగదు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ హెచ్చరిక లైట్లు ఒకసారి వెలగాలి, తర్వాత ఆరాలి. అసలు వెలగని లైటు కూడా వెలుగుతూనే ఉన్న లైటంత అనుమానాస్పదమే.

రోడ్డు మీద అరగంట

కారును ఊళ్లో రద్దీలో, గతుకుల దారిలో, హైవే మీద కలిపి కనీసం అరగంట కొనేవారే నడపాలి. ఎత్తు ఎక్కుతూ మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోందని గ్రహించాలి. 2014లో సెలెరియోతో మన దేశానికి వచ్చిన, గేర్లను తామే మార్చుకునే ఏఎంటీ కార్లలోనూ లోపల ఉండేది మామూలు క్లచ్చే కాబట్టి వాటికీ ఈ పరీక్ష వర్తిస్తుంది. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి మలుపు తీసుకున్నప్పుడు టకటక శబ్దం వస్తే ముందు చక్రాలను తిప్పే యాక్సిల్ జాయింట్లు, గతుకుల్లో కొట్టుకునే శబ్దం వస్తే సస్పెన్షన్, వేగంతో పాటు పెరిగే హోరు వస్తే చక్రాల బేరింగులు అరిగి ఉండవచ్చు. తెలుగు నేల మీది ఎండలకు ప్రధానమైన పరీక్ష మరొకటి ఉంది: మధ్యాహ్నం ఏసీ పూర్తిగా వేసి, కారును పదిహేను నిమిషాలు ఆపి ఉంచినప్పుడు రేడియేటర్ ఫ్యాన్ సరిగ్గా తిరుగుతూ, ఇంజిన్ వేడి హద్దు దాటకుండా, ఏసీ చల్లదనం తగ్గకుండా ఉండాలి.

నిర్ణయం, పేరు మార్పిడి

ఇన్ని పరీక్షలు సొంతంగా చేసినా, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు రుసుము చెల్లించి కారును ర్యాంపు ఎక్కించి అడుగు భాగం చూపించడం తప్పనిసరి. ఆ రుసుము మొత్తం ధరలో చాలా చిన్న భాగం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గి కొత్త కార్ల ధరలు దిగివచ్చాయి కాబట్టి, పాత కారు ధరను నేటి కొత్త ధరతోనే పోల్చి, వెంటనే చేయించవలసిన పనుల ఖర్చును పాత కారు ధరలోంచి తీసివేసి బేరమాడాలి.

ధర కుదిరిన తర్వాత ఫారం 29, 30లతో పేరు మార్పిడి జరగాలి. అప్పు ఉన్న కారైతే బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 కావాలి, పాత చలాన్లు కూడా ముందే కట్టించాలి. బీమాను 14 రోజుల్లోగా కొనేవారి పేరుకు మార్పించుకోవాలి. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినందున, మార్పిడిని వాయిదా వేయకపోవడం అమ్మినవారికీ మేలే.

కాగితం చెప్పిన వయసును టైర్లు సమర్థించి, మీటరు చెప్పిన దూరాన్ని సర్వీసు రికార్డు బలపరచి, బీమా చెప్పిన చరిత్రకు బాడీ విరుద్ధంగా లేకుండా, వీటన్నిటికీ ఇంజిన్, రోడ్డు మీది నడక తోడైతే, కొద్దిగా అరిగిన కారైనా ధైర్యంగా కొనవచ్చు, ఎందుకంటే తెలిసిన లోపాన్ని బాగుచేయించుకోవచ్చు. ఈ ఆధారాల్లో ఏ రెండైనా ఒకదానికొకటి పొసగకపోతే, అమ్మేవారు దానికి రుజువుతో సమాధానం చెప్పేవరకు అడ్వాన్సు ఇవ్వకూడదు, సమాధానం రాకపోతే ఎంత తక్కువ ధరకు వస్తున్నా ఆ కారు కొనకూడదు. మార్కెట్లో కార్లకు కొరత లేదు. ఒక బేరం వదులుకుంటే పోయేది కొన్ని రోజుల సమయం, తొందరపడితే పోయేది కుటుంబం కూడబెట్టిన సొమ్ము, దానితో పాటు రోడ్డు మీది భద్రత.