పాత వాద్యాలు, కొత్త చేతులు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ నగరం ఉంది. అక్కడ 1992లో జెనెట్ సొరెల్ అనే హార్ప్‌సికార్డ్ విద్వాంసురాలు 'అపోలోస్ ఫైర్' అనే వాద్యబృందాన్ని స్థాపించారు. అపోలో ప్రాచీన గ్రీకుల సంగీత దేవుడు. సుమారు 1600 నుండి 1750 వరకు యూరప్‌లో వర్ధిల్లిన సంగీతాన్ని బరోక్ సంగీతం అంటారు. బాఖ్, హాండెల్, వివాల్డి ఆ కాలం వారే. ఆ సంగీతాన్ని ఆనాటి తరహా వాద్యాలపైనే వాయించడం ఈ బృందం పద్ధతి.

ఆ వాద్యాలలోని విశేషమేమిటి? వయొలిన్‌కు ఉక్కు తీగలకు బదులు గొర్రె పేగుతో పేనిన తంతులు కడతారు. నాదం మెత్తగా ఉంటుంది, కాని గాలిలో తేమ మారితే శ్రుతి తప్పుతుంది. హార్ప్‌సికార్డ్ చూపుకు పియానో వలె ఉంటుంది. అయితే పియానోలో చిన్న సుత్తులు తీగలను కొడతాయి. దీనిలో మన వీణలో వలె తీగలు మీటబడతాయి. నేడు వాద్యాలను శ్రుతి చేసే స్వరం సాధారణంగా సెకనుకు 440 కంపనలు. బరోక్ బృందాలు తరచుగా 415 పెట్టుకుంటాయి. అంటే సుమారు ఒక స్వరస్థానం తక్కువ.

పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఈ వాదన పద్ధతి 19వ శతాబ్దంలో చాలావరకు మరుగున పడింది. తండ్రి నుండి కొడుకుకు అందలేదు. 20వ శతాబ్దంలో కొందరు పాత గ్రంథాలు చదివి, మ్యూజియంలలోని వాద్యాలను కొలిచి, అటువంటివే చేయించి, మళ్ళీ నేర్చుకున్నారు.

మనలో చాలామంది తెలుగు నేర్చుకున్నదీ ఇంట్లో కాదు, తరగతిలోనే. మా తరగతికి ఈ ఏడు పిల్లలు తక్కువగా వస్తున్నారు. ఇంట్లో మాట్లాడేవారు లేరని ఆగకండి. వారిని పంపండి, మీరూ రండి.