కారు కింద నీరు ఎటు పోతుంది?

వానలో తడిసి ఇల్లు చేరిన కారు తన వెంట ఒక చిన్న చెరువును కూడా తీసుకువస్తుంది. చక్రాల గూళ్ళలో పేరుకున్న బురద, పైకప్పు నుండి జారే నీరు, అడుగుభాగంలో చిక్కుకున్న తడి రాత్రంతా కొద్దికొద్దిగా షెడ్డు నేలమీదికి దిగుతాయి. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల షెడ్డులో ఒక్క మిల్లీమీటరు మందాన నీరు నిలిచినా అది 18 లీటర్లు! తెల్లవారుజామున నునుపైన నాపరాళ్ళమీద అడుగుపెట్టే వృద్ధులకు అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. కారుకు కలిగే హాని మరొక విధమైనది. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు చాలును. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాలలో గాలిలోని ఉప్పు ఆ పనిని మరింత వేగిరపరుస్తుంది.

ఈ ఇబ్బందికి విరుగుడుగా బజారులో లభిస్తున్నవి చిల్లుల ప్లాస్టిక్ పలకలు. ఒక్కొక్కటి సుమారు అడుగు చదరం ఉంటుంది. ఒకదాని అంచున ఉన్న కొక్కెం పక్కదాని అంచున ఉన్న రంధ్రంలో బిగుసుకుంటుంది. సిమెంటు అక్కరలేదు, జిగురు అక్కరలేదు, మేస్త్రీ కూడా అక్కరలేదు. పైన పడిన నీరు చిల్లుల గుండా కిందికి దిగిపోగా పలక పైభాగం పొడిగా ఉంటుంది. మంచు కురిసే దేశాలలో వీటి అవసరం ఇంకా ఎక్కువ. అక్కడ మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరంతా కారుతోపాటు గ్యారేజీలోకి వస్తుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది శీతకాలంలో తప్పని అనుభవం.

అయితే కొనుగోలుదారులు తరచు మరచిపోయే విషయం ఒకటున్నది. ఈ పలక నీటిని బయటికి పంపదు. నీటికి పైన మన పాదాలను నిలబెడుతుంది, అంతే. నీటిని బయటికి పంపవలసినది నేల వాటమే. వాటం లేని గచ్చుమీద ఎంత ఖరీదైన పలకలు పరచినా నీరు కంటికి కనబడకుండా కిందనే నిలిచి ఉంటుంది. కనబడని నీరు కనబడే నీటికంటె చెడ్డది. అది త్వరగా ఆరదు, వాసన కొడుతుంది. అది వారం పది రోజులు అలాగే ఉంటే దోమలు గుడ్డు దశ నుండి రెక్కల దశకు ఎదిగి ఆ చిల్లుల గుండానే బయటికి వస్తాయి. డెంగీ, మలేరియా ఎరిగిన ఊళ్ళలో ఇది తేలికగా తీసుకొనదగిన సంగతి కాదు.

కనుక దుకాణానికి వెళ్ళేముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉన్నది. షెడ్డును శుభ్రంగా ఊడ్చి, లోపలి గోడ దగ్గర రెండు బకెట్ల నీరు కుమ్మరించి, గంట తరువాత చూడవలెను. నీరు నిలిచినచోట సుద్దముక్కతో గీత గీసి, ఆ పల్లాలను ముందు పూడ్పించవలెను. మీటరుకు ఒకటి నుండి రెండు సెంటీమీటర్ల వాటం ఉంటే చాలును. అంటే 6 మీటర్ల షెడ్డులో లోపలి గోడకంటె గుమ్మంవైపు కనీసం 6 సెంటీమీటర్లు పల్లంగా ఉండాలి. వాటం తలకిందులై నీరు లోపలి గోడకే చేరుతున్నదా? అప్పుడు పలకల సొమ్మును నేల సరిచేయడానికి వెచ్చించుట తెలివైన పని. చీపురుతో గరుకు గీతలు దించిన మామూలు సిమెంటు గచ్చు, సరియైన వాటం ఉంటే, ఎన్నో ఇళ్ళకు చాలిపోతుంది!

వాటం ఉన్నదని తేలిన తరువాత పలకను తిరగవేసి చూడవలెను. పైనున్న రంగులు, నగిషీలు అమ్మకానికే. పనితనమంతా అడుగున ఉంటుంది. అడుగున కాళ్ళు విడివిడిగా ఉంటే నీరు ఏ దిక్కుకైనా పారుతుంది. గళ్ళు గళ్ళుగా మూసుకొనిపోయిన పట్టీలుంటే ప్రతి గడీ ఒక చిన్న తొట్టి అవుతుంది.

పదార్థం సంగతి కూడా విచారించవలసినదే. మెత్తని వినైల్ పలకలమీద టైరు రబ్బరులోని రసాయనాలు గోధుమరంగు మరకలు వేస్తాయి. ఎంత తోమినా అవి పోవు. పాలీప్రొపిలీన్‌కు ఈ బెడద తక్కువ. ఇటలీకి చెందిన రసాయనవేత్త జూలియో నట్టా 1954లో రూపొందించిన ఈ ప్లాస్టిక్ ఆమ్లాలకు కూడా లొంగదు. కారు బ్యాటరీ పెట్టెను దానితోనే చేస్తారు. అదే బ్యాటరీ ఆమ్లం తాండూరు బండమీదనో, కడప బండమీదనో పడితే సున్నపురాయి కనుక నురుగు పొంగి రాయి కొరుక్కుపోతుంది. అయితే పాలీప్రొపిలీన్‌కు ఎండ గిట్టదు. ఎండకు తట్టుకొనే రసాయనం కలపని పలకలు ఆరుబయట కొన్నేళ్ళలోనే పెళుసెక్కి విరుగుతాయి.

దాని మరొక గుణం వేడికి సాగడం. పుష్యమాసపు చలికి, వైశాఖపు ఎండకు మధ్య 30 డిగ్రీల తేడా ఉంటే 6 మీటర్ల పలకల వరుస సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పెరుగుతుంది. కింది గచ్చు పెరిగేది రెండు మిల్లీమీటర్లే! గోడ నుండి గోడకు బిగించి పరిచినవారి నేల వేసవిలో మధ్యన గోపురంలా లేచేది ఇందువల్లనే. కాబట్టి అన్ని గోడల దగ్గర వేలెడు సందు విడువవలెను. 6 మీటర్లకు 3 మీటర్ల షెడ్డుకు 30 సెంటీమీటర్ల పలకలు లెక్కప్రకారం 200 కావలెను. ఈ సందు కోసం అంచు వరుసలను రంపంతో కోయవలసి వస్తుంది.

ఇంజను నుండి చమురు కారే పాత కార్లకు చిల్లుల పలక అనువు కాదు. చమురు కిందికి దిగి దాగుతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది కనుక నేలను అంటుకొని ఉంటుంది. పైగా ఈ పలకలు స్వయంగా మండే గుణం గలవి. ఇంజను కిందిమేరకు చిల్లులు లేని పలకలు పరచి, వాటిమీద ఒక రేకు పళ్ళెం ఉంచుట మేలు. జాకీ ఎత్తవలసి వచ్చినప్పుడు దాని కింద మందపాటి చెక్క పెట్టకపోతే పలక పగులుతుంది.

వర్షాకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి పలకలను గుమ్మంవైపు నుండి ఊడదీసి, అడుగున చేరిన ఒండ్రును కడగవలెను. ఎండనివ్వడానికి ఒక పూట చాలును. తిరిగి బిగించేముందు బయటి తూములో ఆకులు అడ్డుపడలేదు కదా అని చూసుకొనవలెను.