కన్నడ బడి, తెలుగు ఇల్లు

మన సంఘం కార్యక్రమాల్లో కొత్తవాళ్ళు పరిచయమైతే మొదట అడిగే మాట "మీది ఆంధ్రాలో ఏ ఊరండీ?" అని. మాది ఆంధ్రా కాదు, కర్ణాటకలోని దిబ్బూరహళ్ళి అని చెబితే "మరి తెలుగు ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారు?" అని ఆశ్చర్యపోతారు. నేర్చుకోవడానికి మేము ఎక్కడికీ పోలేదు. తాతముత్తాతల నాటి నుంచీ అది మా ఇళ్ళలోనే ఉంది.

శిడ్లఘట్ట తాలూకాలోని మా ఊరు అప్పట్లో కోలారు జిల్లాలో ఉండేది. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వచ్చింది. ఇటు చింతామణి, అటు బాగేపల్లి, ఎటు పోయినా సంతలో బేరం తెలుగులోనే సాగేది. ఊళ్ళ పేర్లే చూడండి. మాది 'హళ్ళి', వాళ్ళది 'పల్లి'. తెలుగులో 'ప' ఉన్న చాలాచోట్ల కన్నడంలో 'హ' వస్తుంది. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి. ఈ వ్యాకరణం మాకు ఎవరూ చెప్పలేదు. పిల్లలుగా ఉన్నప్పుడే నోటికి పట్టుబడిపోయింది.

నేను ఒకటో తరగతిలో చేరింది 1973లో. ఆ ఏడాది నవంబరు 1నే మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారింది. బడిలో అంతా కన్నడమే. మా మేష్ట్రు పాఠం కన్నడంలో చెప్పి, మాకు ఎక్కకపోతే తెలుగులో తిట్టేవారు. పాఠాలు మరచిపోయినా ఆ తిట్లు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి!

ఇంటికి వస్తే పట్టుపురుగుల పని. మా ఇంట్లో మాకంటే వాటికే ఎక్కువ చోటు ఉండేది. మల్బరీ ఆకు కోసి తెచ్చి, తరిగి, వేళ తప్పకుండా వెయ్యాలి. పురుగులు పొర విడిచే దశను మావాళ్ళు 'జ్వరం' అనేవారు. నాలుగో జ్వరం నుంచి లేచాక వాటి ఆకలి చూడాలి. రాత్రిపూట వేలకొద్దీ పురుగులు ఒక్కసారిగా ఆకు తింటుంటే బయట వాన పడుతున్నట్టే వినిపించేది. ఆ చప్పుడు వింటూనే లాంతరు ముందు ఎక్కాలు వల్లించేవాళ్ళం. పురుగులు పండితే వెదురు చంద్రికల మీద వేసేవారు. గూళ్ళు కట్టాక మా నాయన మూటలు కట్టి శిడ్లఘట్ట మార్కెట్టుకు తీసుకుపోయేవాడు. ఆయన తిరిగి వచ్చిన రోజే మాకు కొత్త బట్టలు, బొరుగులు, బెల్లం మిఠాయి.

చలికాలం వస్తే అనపకాయలు. రాత్రి గింజలు నానబెట్టి, పొద్దున ఇంటిల్లిపాదీ కూర్చుని పొట్టు పితికేవాళ్ళం. ఆ పితికిపప్పు పులుసు, రాగిముద్ద ఉంటే ఇంకేమీ అక్కరలేదు. అవ్వ కథలు చెప్పేది కూడా ఆ పని జరుగుతున్నప్పుడే. కథ ఆగితే పిల్లల చేతులు ఆగుతాయని ఆమెకు బాగా తెలుసు.

తరవాత కథలు చెప్పే వంతు నాకు వచ్చింది. బడిలో మేష్ట్రు దగ్గర కన్నడ 'చందమామ' ఉండేది. అడిగి ఇంటికి తెచ్చేవాణ్ణి. అవ్వకు చదువు రాదు, కన్నడం అంతంతమాత్రం. నేను కన్నడంలో చదువుతూ తెలుగులో చెప్పేవాణ్ణి. ఒక వేసవి సెలవుల్లో హిందూపురంలో మా మామ ఇంటికి పోతే అక్కడ తెలుగు 'చందమామ' కనిపించింది. అవే బొమ్మలు, అవే కథలు, అక్షరాలే కొంచెం వేరు. కన్నడ తలకట్టు అడ్డంగా ఉంటే తెలుగు తలకట్టు టిక్కు కొట్టినట్టు ఉంది. కథ ముందే తెలుసు కాబట్టి అక్షరాలు వాటంతట అవే విడివడ్డాయి. సెలవులు ముగిసేసరికి తెలుగు చదవడం వచ్చేసింది. 1947లో తెలుగు, తమిళాల్లో మొదలై, తరవాత కన్నడంలోకీ వచ్చిన ఆ పత్రికే నాకు తెలుగు బడి.

టెంటు సినిమా సంగతి చెప్పకపోతే ఎలా? ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట మైకులో మొదలైతే ఆట మొదలవబోతోందని గుర్తు. అన్నం కూడా సగంలో వదిలి పరుగెత్తేవాళ్ళం. రాజ్‌కుమార్ గొప్పా, రామారావు గొప్పా అని ఇసుకలో కూర్చునే తగవులు పడేవాళ్ళం. 1977లో వచ్చిన 'దానవీరశూర కర్ణ' దాదాపు నాలుగు గంటలు నడిచే సినిమా. సగంలోనే అవ్వ ఒడిలో నిద్రపోయాను.

పెద్దయ్యాక రెండు వైపుల నుంచీ మాటలు పడ్డాం. ఆంధ్రా బంధువులు "మీది తెలుగేనా?" అని నవ్వేవారు. బెంగళూరులో "మీరు కన్నడవాళ్ళేనా?" అని అడిగేవారు. అప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది కైవారం తాతయ్య. చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్ముకుని బతికిన ఆ యోగి నారేయణ తెలుగులోనూ, కన్నడంలోనూ పదాలు చెప్పాడు. మా ఊరి భజనలో ఆయన తెలుగు పదాలను కన్నడ లిపిలో అచ్చేసిన పుస్తకం చూసి పాడేవారు. పాట తెలుగు, అక్షరం కన్నడం. ఏ ఒక్కటీ తక్కువ కాలేదు. కన్నడం మాకు చదువునూ, ఉద్యోగాన్నీ ఇచ్చింది. తెలుగు అవ్వనూ, తాతనూ ఇచ్చింది.

ఇప్పుడు బెంగళూరులోని మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గాని, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. చంద్రిక అంటే అమ్మాయి పేరనుకుంటారు. పితికిపప్పు ప్యాకెట్టులో వస్తుంది కాబట్టి పితికే పనీ లేదు, ఆ పనితో వచ్చే కథా లేదు.

బ్యాంకులో రెండేళ్ళకు పైగా ఖాతాదారు ఏ లావాదేవీ చెయ్యకపోతే అది నడవని ఖాతా అవుతుంది. పదేళ్ళు దాటితే సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. అయినా సొంతదారు వచ్చి అడిగితే ఇచ్చి తీరాలి. మన ఇంటి భాష కూడా అంతే. ఈ సెలవుల్లో పిల్లలను ఊరికి తీసుకుపోండి. అవ్వ పక్కన కూర్చోబెట్టి, వంటింటి మాటలూ, పొలం మాటలూ ఒక నోటుపుస్తకంలో రాయించండి. కన్నడ లిపిలో రాసినా ఫరవాలేదు. అడిగితే చెప్పడానికి పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.