అరిసెల పాకం, తీర్థాల ప్రయాణం: సంక్రాంతి పిల్లలకు ఏం నేర్పుతుంది?

సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే సంక్రాంతి ఏటా జనవరి 14న గానీ 15న గానీ వస్తుంది. తెలుగు ఇళ్లలో పండుగ పనులు అంతకు ముందే మొదలవుతాయి. బియ్యం నానబోయడం, పిండి దంచడం, పాకం పట్టడం, ఆ తరువాత బంధువుల ఊళ్లకూ తీర్థాలకూ ప్రయాణం కట్టడం, వీటన్నింటిలోనూ పిల్లలకు చోటు ఉండేది. ఇప్పుడు పండుగ పిండివంటలు దుకాణాల్లో ఏడాది పొడవునా దొరుకుతున్నాయి. వండే తీరిక లేని కుటుంబాలకు అది సౌకర్యమే. అయితే అరిసె వంటి వంటలు పుస్తకంలోని కొలతలకు పూర్తిగా లొంగవు. పక్కన నిలబడి చూసి, చేత్తో తాకి నేర్చుకోవలసిన విద్య అది. ఒక తరం పిల్లలు వంటింటికి దూరమైతే ఆ విద్య అక్కడితో ఆగిపోతుంది.

తడి పిండి, ఉండ పాకం

అరిసెకు కావలసినవి నాలుగే: బియ్యం, బెల్లం, నువ్వులు, వేయించడానికి నెయ్యి లేదా నూనె. కిలో బియ్యానికి సుమారు ముప్పావు కిలో బెల్లం వాడతారు. ఇంటి అలవాటును బట్టి, బెల్లం తీపిని బట్టి ఇది కొంత మారుతుంది. బియ్యాన్ని ఒక రాత్రి, కొన్ని ఇళ్లలో రోజంతా నానబెట్టి, నీళ్లు వార్చి, గుడ్డపై కొద్దిసేపు ఆరబెడతారు. తడి పూర్తిగా పోకముందే దంచి లేదా మర పట్టించి జల్లిస్తారు. ఈ తడి వల్లనే పిండి పాకంలో సమంగా కలిసి, అరిసె మెత్తగా వస్తుంది. ఆరిపోయిన పిండితో చేస్తే గట్టిబడుతుంది. అందుకే జల్లించిన పిండిని ఆరిపోకుండా చేత్తో అదిమి, గుడ్డ కప్పి ఉంచుతారు.

అసలు పరీక్ష పాకం దగ్గర ఉంటుంది. మరుగుతున్న బెల్లం పాకాన్ని పళ్లెంలోని చల్లటి నీళ్లలో ఒక చుక్క వేసి, వేళ్లతో దగ్గరకు తీస్తారు. అది కరిగిపోతే పాకం ఇంకా లేతది. మెత్తని ఉండ కడితే సరిపోయినట్టు. ఉండ రాయిలా గట్టిపడితే ముదిరిపోయినట్టు. ఉష్ణోగ్రతలో చెప్పాలంటే మెత్తని ఉండ కట్టే దశ సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. పాకం మరీ లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, మరీ ముదిరితే కొరకడానికి రాదు. పాకంలో పిండి కలిపితే చలిమిడి తయారవుతుంది. దాన్ని చిన్న ఉండలుగా చేసి, నువ్వులు అద్ది, ఆకుపై అరిసెగా తట్టి వేయిస్తారు. వేగినదాన్ని వెంటనే రెండు చెక్కల మధ్య నొక్కి నూనె తీస్తారు. చక్కెర శాతం ఎక్కువగా, తేమ తక్కువగా ఉండటం వల్ల ఇవి చాలా రోజులు నిలవ ఉంటాయి.

ఒకే వంట, అనేక పేర్లు

ఈ వంటకు దేశంలో బంధువులు చాలామందే ఉన్నారు. తమిళనాడులో దీపావళికి అదిరసం వండుతారు. కర్ణాటకలో దీన్ని కజ్జాయ అంటారు, ఒడిశాలో అరిసా పిఠా. మహారాష్ట్రలో దీపావళికి చేసే అనర్సాకు బియ్యాన్ని మూడు రోజులు, నీళ్లు మారుస్తూ నానబెట్టడం ఆనవాయితీ. దానికి నువ్వులకు బదులు గసగసాలు అద్దుతారు. కర్ణాటకలో సంక్రాంతి నాడు పిల్లలు కొత్త బట్టలు వేసుకుని నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగ, పుట్నాలు కలిపిన ఎళ్ళు బెల్లను, చెరకు ముక్కను, అచ్చుల్లో పోసిన చక్కెర బొమ్మలను ఇంటింటికీ పంచుతారు. అక్కడ మిఠాయి పంచడమే ఒక విహారం.

పండుగ ప్రయాణాలు

కనుమ నాడు కాకైనా కదలదని తెలుగువారి సామెత. కోనసీమలో మాత్రం ఆ రోజే ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటకు పదకొండు గ్రామాల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు చేరుతాయి. వెదురుతో కట్టి రంగుల వస్త్రాలతో అలంకరించిన ప్రభలను భక్తులు భుజాలపై మోస్తూ వరి చేల మీదుగా, కౌశిక నదిని దాటించి తీసుకువస్తారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థాన్నే ప్రదర్శించింది. హైదరాబాద్‌లో ఉండే కుటుంబాలకు మరో అవకాశం ఉంది. 2024, 2025 సంవత్సరాలలో జనవరి 13 నుంచి 15 వరకు సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో అంతర్జాతీయ గాలిపటాల ఉత్సవంతో పాటు మిఠాయిల ఉత్సవం కూడా జరిగింది. వివిధ రాష్ట్రాల వంటలను పిల్లలు ఒకే చోట రుచి చూడగలిగారు.

ఏ వయసుకు ఏ పని?

నాలుగైదేళ్ల పిల్లలు నువ్వులు ఏరగలరు, యాలకులు ఒలవగలరు. ఏడెనిమిదేళ్ల వారు పిండి జల్లించి, చల్లారిన చలిమిడిని ఉండలు చేయగలరు. కాస్త పెద్ద పిల్లలకు నీళ్లలో వేసి చల్లబడిన పాకపు ఉండను చేతికిచ్చి, లేత పాకానికీ ముదురు పాకానికీ తేడా చూపించవచ్చు. మూకుడు, పాకం గిన్నె మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి. బెల్లం పాకం మరిగే నీటికంటే వేడిగా ఉండటమే కాక, చర్మానికి అంటుకుని వదలదు. పొరపాటున చర్మం కాలితే 20 నిమిషాల పాటు చల్లటి కుళాయి నీటి కింద ఉంచాలి. మంచుగడ్డ, టూత్‌పేస్ట్, సిరా వంటివి పూయకూడదు. బొబ్బలు వస్తే వైద్యుని సంప్రదించాలి. తీర్థాల రద్దీలోకి వెళ్లేటప్పుడు పెద్దవారి ఫోన్ నంబరు రాసిన చీటీ పిల్లల జేబులో ఉంచడం మేలు.

పండుగ వంటంతా ఇంట్లోనే కావాలన్న నియమమేమీ లేదు. కొన్న పిండివంటలతో పాటు కిలో బియ్యపు అరిసెలు ఇంట్లో వండినా, పాకం ఎప్పుడు సరిపోయిందో పిల్లల వేళ్లకు తెలుస్తుంది. ఆ గుర్తు తెలిసిన పెద్దలు ఇంట్లో ఉన్నప్పుడే ఆ పాఠం చెప్పించుకోవాలి.