పెంతెకొస్తు బోధకులకు వేదాంతవిద్య యేల?

మన లాలాగూడలో రైల్వే కార్ఖానా 1893వ సంవత్సరమున స్థాపింపబడెను. అందు ఎంత ఉత్సాహవంతుడైనను, పని నేర్వనివానిని బండిచక్రము ముట్టనియ్యరు. ఏలయనగా ఆ బండిలో ప్రయాణము చేయువారు మనుష్యులు. అట్లయిన, మనుష్యుల ఆత్మలను నడిపించు బోధకునికి శిక్షణ మక్కఱలేదా?

పెంతెకొస్తు విశ్వాసులలో కొందఱు, "పరిశుద్ధాత్ముడే నేర్పును, కళాశాల చదువు భక్తిని చల్లార్చును" అందురు. ఈ భయము నిరాధారము కాదు. చదువు గర్వమునకు దారితీయుట మన మెఱిగినదే. చదువులేని పేదవాని సాక్ష్యమునకును తావిచ్చుట ఆ సంఘముల బలము. అయినను ఆత్మయు విద్యయు శత్రువులు కావు.

పండిత రమాబాయిగారి చరిత్రమును చూడుడు. అమెరికాలో అజూసా వీథి ఉజ్జీవము 1906లో ఆరంభమగుటకు ముందే, 1905లో, పూనా యొద్ద కేడ్గాములో ఆమె స్థాపించిన ముక్తి మిషనులో గొప్ప ఉజ్జీవము కలిగెను. ఆ మహనీయురాలే హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, బైబిలు నంతటిని మరాఠీలోనికి అనువదించెను. ఆమె 1922లో గతింపగా, ఆ గ్రంథము 1924లో వెలువడెను. చదువు ఆమెలోని అగ్నిని ఆర్పలేదు.

వేదాంత కళాశాలలో నేర్పున దేమి? ఒక వచనము ఎవరికి, ఏ సందర్భమున వ్రాయబడెనో విచారించుట. సంఘచరిత్రమందు పూర్వులు పడిన పొరపాట్లను గ్రహించుట. రోగిని, దుఃఖితుని ఆదరించు విధము తెలిసికొనుట. ఇవి లేనిచో కలుగు నష్టము నేను కన్నులార చూచితిని. వచనమును సందర్భము విడిచి బోధించిన యొకని మాట నమ్మి, నా శిష్యుని తండ్రి జ్వరములో మందు మానెను. ఆయన బ్రదుకలేదు. బాలుడు చదువు విడిచి పనిలో చేరెను. ఆ బోధకుడు కపటి కాడు, ఉపవాసములు చేయువాడే. అతనికి నేర్పినవారు లేరు.

తెలుగుదేశమున ఇండియన్ పెంతెకొస్తు సంఘము 1935లో ఏలూరులో రిజిస్టరు చేయబడెను. అప్పటి పిల్లల మనుమలు నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఆదివారము ప్రశ్నలతో సంఘమునకు వచ్చుచున్నారు. వారికి ఉత్తరము చెప్పగల కాపరి కావలెను. 1964లో రాజమహేంద్రవరమున నెలకొని, 1973లో హైదరాబాదునకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మనకు దూరము కాదు.

అపొల్లో గొప్ప వాగ్మి. అయినను డేరాలు కుట్టు అకుల, ప్రిస్కిల్లల యింట కూర్చుండి తనకు తెలియనిది నేర్చుకొనెను. తలిదండ్రులారా, బిడ్డ ఇంజనీరు చదువునకు నాలుగేండ్లు ఇచ్చెదము గదా! దేవుని సేవకు పోవు బిడ్డకును అట్టి వ్యవధి నిచ్చుడు. బాలురారా, బాలికలారా, పిలుపు విన్నచో మోకరింపుడు. లేచి గ్రంథము విప్పుడు.