చెట్టు మీది కొంగ, ఫోటోలోని చుక్కలు

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురం అనే ఊరుంది. ఏటా వానలు వెనకబట్టాక ఆ ఊరి చెట్ల మీదికి పక్షులు గుంపులు గుంపులుగా వస్తాయి. ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. గూడబాతులు వస్తాయి. చెట్ల మీద గూళ్లు కడతాయి. గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. పక్షులు రావడం ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఈ రెండు రకాలూ మన దేశంలోనూ, చుట్టుపక్కల దేశాల్లోనూ పుట్టి పెరిగేవే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి పోతుంటాయి.

ఇలాంటి ఊరికి దగ్గర్లో ఒక మహిళా సంఘం ఉందనుకుందాం. సంఘంలో పదిమంది. పక్షుల ఫోటోలతో కేలండరు అచ్చు వేయించాలనుకున్నారు. పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లకి అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయని ఆశ. ఒకామె దగ్గర సెల్‌ఫోను ఉంది. దాంతో ఫోటోలు తీశారు. చెట్టు బాగా పడింది. ఆకాశం బాగా పడింది. కొంగ మాత్రం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఇదేంటే, నా కంటికి కొంగ ముక్కు కూడా కనబడుతోంది. ఫోనుకి కనబడదా?" అంది సంఘంలో పెద్దావిడ.

"వేళ్లతో లాగి పెద్దది చేద్దాం అత్తా," అంది ఆమె కోడలు. లాగింది. కొంగ పెద్దదయింది. కానీ ముక్కూ లేదు, కాళ్లూ లేవు. తెల్లటి మచ్చ ఒకటి మిగిలింది.

దూరపు కొండలు నునుపు అంటారు కదా. ఫోనులో దూరపు కొంగ కూడా నునుపే.

ఎందుకిలా అయింది? ఇది తెలియాలంటే ముందు ఫోటో ఎలా తయారవుతుందో తెలియాలి. ఆడవాళ్లకి ఇది తెలియని సంగతేమీ కాదు. వాకిట్లో ముగ్గు వేస్తారు. ముందు చుక్కలు పెడతారు. ఐదు చుక్కలు, ఐదు వరుసలు పెడితే చిన్న పువ్వు వస్తుంది. అన్ని చుక్కలతో నెమలిని వేయమంటే ఎవరి వల్లా కాదు. నెమలికి చుక్కలు ఎక్కువ కావాలి. ఫోటో కూడా చుక్కల ముగ్గే. ఆ చుక్కని పిక్సెల్ అంటారు. పది లక్షల చుక్కలైతే ఒక మెగాపిక్సెల్. కెమెరా మీద 12 మెగాపిక్సెల్ అని రాసి ఉంటే, ఒక ఫోటోలో కోటీ ఇరవై లక్షల చుక్కలు ఉంటాయని అర్థం.

కోటీ ఇరవై లక్షలంటే చాలా ఎక్కువే కదా? ఎక్కువే. కానీ అవన్నీ కొంగకి దక్కవు. చెట్టుకీ, ఆకాశానికీ, చెరువు గట్టుకీ పోతాయి. ఎర్రకాళ్ల కొంగ నిలబడితే దాదాపు ఒక మీటరు ఎత్తుంటుంది. అది 100 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 12 మెగాపిక్సెల్ ఫోనుతో మామూలుగా ఫోటో తీస్తే, తల నుంచి కాళ్ల దాకా కొంగకి దక్కేది సుమారు 30 చుక్కలే. ఫోటో ఎత్తు మొత్తం 3,000 చుక్కలు. అందులో నూరో వంతు. ముప్పై చుక్కల్లో ముక్కెక్కడ పెట్టాలి? కన్నెక్కడ పెట్టాలి?

కోడలు చేసిన పని కూడా ఇప్పుడు అర్థమవుతుంది. వేళ్లతో లాగితే కొత్త చుక్కలు పుట్టవు. ఉన్న చుక్కలే సాగుతాయి. ఊదని బుడగ మీద అక్షరం రాసి, తర్వాత ఊదితే అక్షరం పెద్దదవుతుంది, వెలిసిపోతుంది. ఇదీ అంతే. దీన్ని డిజిటల్ జూమ్ అంటారు. పేరు గొప్పగా ఉంటుంది, పని ఇదే. కొన్ని ఫోన్లు ఇంకో అడుగు ముందుకేస్తాయి. లేని ఈకల్ని ఊహించి పూస్తాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ అది ఆ కొంగ కాదు.

మరి ఏం చేయాలి? రెండే దారులు. కొంగ దగ్గరికి వెళ్లాలి. లేదా కొంగని దగ్గరికి తెచ్చే గాజు కావాలి.

దగ్గరికి వెళ్లడానికి పైసా ఖర్చు లేదు. 100 మీటర్ల నుంచి 50 మీటర్లకి వెళితే కొంగ రెట్టింపు ఎత్తు పడుతుంది. అయితే గూట్లో పిల్లలున్నప్పుడు ఈ పని చేయకూడదు. మనిషి దగ్గరికొస్తే తల్లి పక్షి బెదిరి లేచిపోతుంది. ఆ కాసేపట్లో పిల్లలకి ఎండ దెబ్బ తగులుతుంది. కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఫోటో కోసం గూడు పాడుచేస్తే వచ్చే ఏడు ఫోటో తీయడానికి పక్షే ఉండదు. పార్వతీపురం వైపు ఏనుగులు పొలాల మీద పడుతున్నాయి. వాటి ఫోటోకి దగ్గరికి పోవడమంటే ప్రాణాలతో ఆట. అక్కడ దూరమే రక్ష.

కాబట్టి గాజు కావాలి. అదే లెన్స్. సంఘం వాళ్లు పొదుపు డబ్బులోంచి కొంత తీసి కెమెరా కొందామనుకున్నారు. ఏడాది పాటు పదీ ఇరవై కూడబెట్టిన డబ్బది. తప్పుడు వస్తువు కొంటే మళ్లీ ఏడాది ఆగాలి.

పట్నంలో దుకాణానికి వెళ్లారు. "ఇది తీసుకోండమ్మా, 24 మెగాపిక్సెల్. ఇంతకంటే మంచిది మీకెందుకు?" అన్నాడు దుకాణదారు. లెన్స్ మార్చుకునే కెమెరా అది. ముందు చిన్న లెన్స్ ఉంది. దాని అంచు మీద 18-55 అని రాసి ఉంది.

కోడలు ఆ అంకెలు చదివింది. "ఇదేంటన్నా?" అని అడిగింది.

అడగాల్సింది సరిగ్గా అదే. లెన్స్ మీది అంకె మిల్లీమీటర్ల లెక్క. అంకె పెద్దదైన కొద్దీ దూరపు వస్తువు పెద్దగా పడుతుంది. అంకె రెట్టింపైతే కొంగ ఎత్తు కూడా రెట్టింపవుతుంది. పెళ్లిలో అందర్నీ కలిపి తీయడానికి 18 మంచిది. చెట్టు చివరి కొంగకి 55 చాలదు. ఆ 24 మెగాపిక్సెల్ కెమెరాతో, 55 దగ్గర పెట్టి, 100 మీటర్ల దూరంలోని కొంగని తీస్తే దానికి దక్కేది సుమారు 140 చుక్కలు. అదే కెమెరాకి 300 లెన్స్ పెడితే సుమారు 770 చుక్కలు. కెమెరా మారలేదు, మెగాపిక్సెల్ మారలేదు. మారింది గాజే.

జూమ్ ఎన్ని రెట్లు అనే మాట దగ్గర కూడా మోసపోతారు. 18-55 లెన్స్‌ని సుమారు 3 రెట్లు జూమ్ అంటారు. 100-300 లెన్స్ కూడా 3 రెట్లే. చిన్న అంకెకి పెద్ద అంకె ఎన్ని రెట్లో చెప్పే లెక్క అది. ఎంత దూరం అందుతుందో చెప్పదు. దూరం తెలియాలంటే పెద్ద అంకె ఎంతో చూడాలి.

ఇంకో రకం కెమెరా ఉంది. దీని లెన్స్ ఊడదు. ముందుకి పొడుగ్గా సాగుతుంది. బ్రిడ్జి కెమెరా అంటారు. 2015లో వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ పి900 ఈ రకమే. దాని జూమ్ 24 నుంచి 2000 దాకా, అంటే 83 రెట్లు. ఈ 2000 అనేది పాత ఫిలిం కెమెరా లెక్కలో చెప్పే అంకె. నిజంగా ఆ లెన్స్ 2 మీటర్ల పొడవేమీ ఉండదు. అదే లెక్కలో పైన చెప్పిన 300 లెన్స్ 450 అవుతుంది. పోల్చేటప్పుడు రెండూ ఒకే లెక్కలో ఉన్నాయో లేదో అడగాలి.

పి900లో ఉన్నవి 16 మెగాపిక్సెల్లే. అయినా 100 మీటర్ల కొంగకి సుమారు 2,600 చుక్కలు దక్కుతాయి. 24 ఉన్న కెమెరా చిన్న లెన్స్‌తో 140 ఇచ్చింది. 16 ఉన్న కెమెరా పెద్ద లెన్స్‌తో 2,600 ఇచ్చింది. దూరపు ఫోటోకి ముందు లెన్స్ చూడాలి, తర్వాతే మెగాపిక్సెల్.

బ్రిడ్జి కెమెరాకి లోపం లేకపోలేదు. లోపల వెలుగుని పట్టే బిళ్ల ఉంటుంది. దాని పేరు సెన్సర్. బ్రిడ్జి కెమెరాలో అది చిటికెన వేలి గోరు కంటే చిన్నది. వానకి గంగాళం పెడితే ఎన్ని నీళ్లు పడతాయి, గ్లాసు పెడితే ఎన్ని పడతాయి? చిన్న సెన్సర్ గ్లాసు లాంటిది. మంచి ఎండలో ఫరవాలేదు. మసక చీకట్లో ఫోటో ఇసక చల్లినట్టు అవుతుంది. ఎగిరే పక్షిని పట్టడం కూడా దీంతో కష్టం. లెన్స్ మార్చే కెమెరా ఆ పని బాగా చేస్తుంది గానీ, పెద్ద లెన్స్ ధర కెమెరా ధరని మించిపోవచ్చు. గూట్లో కూర్చున్న పక్షుల్ని పగటి వెలుగులో తీసే ఈ సంఘానికి బ్రిడ్జి కెమెరాయే నయం.

దుకాణంలో కెమెరాని ఎలా పరీక్షించాలి? గుమ్మంలో నిలబడాలి. వీధి చివర ఉన్న ఏదైనా బోర్డు చూసుకోవాలి. పూర్తిగా జూమ్ చేసి ఫోటో తీయాలి. తెర మీద పెద్దది చేసి బోర్డు మీది చిన్న అక్షరాలు చదవాలి. చదవగలిగితే లెన్స్ మంచిదే. అట్టపెట్టె మీద 'ఆప్టికల్ జూమ్' ఎంతో, 'డిజిటల్ జూమ్' ఎంతో విడివిడిగా రాసి ఉంటుంది. ఆప్టికల్ అంటే గాజు చేసేది. ఆ అంకే లెక్క. రెండోది ఆపేయడానికి కెమెరాలో వీలుంటుంది. ఎలా ఆపాలో అక్కడే చూపించమనాలి. వాడిన కెమెరా కొంటే ఈ పరీక్ష రెండుసార్లు చేయాలి. లెన్స్ లోపల బూజు పట్టిందేమో వెలుగుకి పెట్టి చూడాలి.

"ఇవన్నీ మగవాళ్ల యంత్రాలు, మనకెక్కడ వస్తాయి?" అని పెద్దావిడకి అనుమానం వచ్చింది. జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు వీడియో కెమెరాలు పట్టారు. వాళ్లలో బడికి వెళ్లనివాళ్లూ ఉన్నారు. తమ పంటల మీద, విత్తనాల మీద సినిమాలు తీశారు. షాట్లకి పేర్లు కూడా వాళ్లే పెట్టుకున్నారు. మనిషిని పై నుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. కంటికి కన్ను సమానంగా ఉంటే సంఘం షాట్.

కెమెరా వచ్చాక చేతి సంగతి ఉంది. జూమ్ పెంచితే కొంగతో పాటు చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. గట్టు మీద గాని, గోడ మీద గాని చిన్న బియ్యం సంచి పెట్టి, దాని మీద కెమెరాని ఆనించాలి. మీట నొక్కాక 2 సెకండ్లు ఆగి ఫోటో తీసే ఏర్పాటు కెమెరాలో ఉంటుంది. అది వాడితే నొక్కేటప్పటి కుదుపు పడదు. వేళ పొద్దున్నే కావాలి. మధ్యాహ్నం ఎండకి నేల మీది గాలి సెగలా అల్లాడుతుంది. ఆ అల్లాటలో ఎంత ఖరీదైన లెన్స్ అయినా కొంగని తేటగా చూపించలేదు.

ఇక అంచులు కత్తిరించడం. దీన్ని క్రాప్ చేయడం అంటారు. ఎంత కత్తిరించవచ్చో లెక్క ఉంది. అచ్చుకి అంగుళానికి 300 చుక్కలుంటే బొమ్మ చక్కగా వస్తుంది. గోడకి వేలాడే కేలండరుని కాస్త దూరం నుంచి చూస్తారు కాబట్టి 200 ఉన్నా సరిపోతుంది. 24 మెగాపిక్సెల్ ఫోటో వెడల్పు 6,000 చుక్కలు, ఎత్తు 4,000. వెడల్పులో సగం, ఎత్తులో సగం ఉంచి మిగతాది తీసేస్తే మిగిలేది సగం అనుకుంటారు. కాదు, పావు. 60 లక్షల చుక్కలు. అయినా 300 లెక్కన 10 అంగుళాల వెడల్పు అచ్చు వేయొచ్చు. పదో వంతు వెడల్పు, పదో వంతు ఎత్తు ఉంచితే మాత్రం 2 అంగుళాల బొమ్మ వస్తుంది. పాస్‌పోర్టు ఫోటో అంత. సెల్‌ఫోనులో పడ్డ 30 చుక్కల కొంగని అచ్చు వేస్తే ఆవగింజ కంటే కాస్త పెద్దది.

కత్తిరించేటప్పుడు కొంగ ముక్కు ఎటు ఉందో అటు కొంచెం ఖాళీ ఉంచాలి. లేకపోతే గోడకి గుద్దుకుంటున్నట్టు ఉంటుంది. కాళ్లు సగంలో కోయకూడదు. అన్నిటికంటే ముందు అసలు ఫోటోని వేరే దాచి, దాని నకలు మీదే కత్తెర పెట్టాలి. రవికె గుడ్డ ఒకసారి కోస్తే మళ్లీ అతకదు. ఫోటో కూడా కోసి దాని మీదే భద్రం చేస్తే పోయిన చుక్కలు తిరిగి రావు. పైగా రేపు ఎవరైనా "ఇది మీ చెరువేనా, ఇది మీరు తీసిందేనా?" అని అడిగితే చూపించడానికి అసలుది ఉండాలి.

సంఘం వాళ్లు వాడిన బ్రిడ్జి కెమెరా ఒకటి బేరమాడి కొన్నారు. మర్నాడు తెల్లవారి కోడలు సంచి ఆనించి కూర్చుంది. వెనక నుంచి అత్త తొంగి చూసింది. తెర నిండా గూడు. గూట్లో మూడు పిల్లలు. తల్లి నోట్లోంచి చేప జారుతోంది.

"నొక్కవే!" అంది పెద్దావిడ.

"నొక్కాను అత్తా. రెండు సెకండ్లు ఆగాలి."

చేప పిల్ల నోట్లోకి పోయింది. అప్పుడు పడింది ఫోటో. ఖాళీ నోరు తెరిచి ఇంకో పిల్ల అరుస్తోంది. అంచులు కొద్దిగా తీసి దాన్నే జనవరి నెలకి వేశారు.